సగటు ఏ చేన్లో పండుతుందో పిల్లలను చూసుకోనివ్వండి

పాఠశాల విద్యాశాఖ ఉన్నతాధికారులకు, పాఠ్యప్రణాళికలూ ప్రశ్నపత్రాలూ తయారుచేసే పెద్దలకు,

నమస్కారం.

నేను అనంతపురం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం చెప్పే టీచర్ని. పదో తరగతిలో సాంఖ్యక శాస్త్రం (స్టాటిస్టిక్స్) పాఠం ఉంది కదా, అందులో కొంత భాగాన్ని బడి ప్రహరీ బయట, చేన్లోనూ సంతలోనూ చెప్పుకోవడానికి అనుమతి ఇవ్వమని మూడేళ్లలో ఐదు దరఖాస్తులు పెట్టాను. ఒక్కదానికీ కాగితం మీద జవాబు రాలేదు. ఏ కార్యాలయంలో పెట్టానో ఇక్కడ రాయను. మధ్యలో ఇద్దరు అధికారులు మారారు, ఇది ఒక మనిషి తప్పు కాదని నాకు తెలుసు. నోటిమాటగా వచ్చిన జవాబు మాత్రం ప్రతిసారీ ఒకటే: "లెక్కల పాఠానికి బయటికెందుకమ్మా? మీ బళ్లో బోర్డు లేదా?"

బోర్డు ఉంది. దాని మీద ఏం జరుగుతుందో ముందు చెబుతాను.

తరగతి అంతరాలు రాస్తాం, పౌనఃపున్యాలు రాస్తాం, ఊహించిన సగటు తీసుకుంటాం, సూత్రంలో పెడతాం. పిల్లలు చక్కగా చేస్తారు. సూత్రం తప్పకుంటే మార్కులూ తప్పవు. నిజం చెప్పాలంటే ఇది మా టీచర్లకు ఇష్టమైన పాఠం, వెనకబడిన పిల్లలను గట్టెక్కించడానికి ఇంత సులువైన పాఠం ఇంకోటి లేదు. కాని సగటు, మధ్యగతం (వరసగా పేరిస్తే నడిమికి వచ్చేది), బాహుళకం (ఎక్కువసార్లు వచ్చేది) మూడూ కంఠతా వచ్చిన పిల్లవాణ్ణి "మీ ఊరి వాన గురించి చెప్పాలంటే ఈ మూడిట్లో ఏది వాడతావు, ఎందుకు?" అని అడగండి. తల దించుకుంటాడు. వాడి తప్పేం లేదు, ఆ ప్రశ్న వాణ్ణి ఎవరూ ఎప్పుడూ అడగలేదు. పుస్తకంలో దత్తాంశం, అంటే లెక్కకు కావలసిన అంకెలు, సిద్ధంగా దొరుకుతుంది. దాన్ని ఎవరు లెక్కపెట్టారు, ఎట్లా లెక్కపెట్టారు, ఎవరిని వదిలేశారు అనేది పట్టికలో కనబడదు. విస్తరి ముందు కూర్చుని తిన్నంత మాత్రాన వంట వస్తుందా?

రెండేళ్ల కిందట మూడో దరఖాస్తుకూ జవాబు రాలేదు. కాయ పీకే రోజులు దాటిపోతున్నాయి. అప్పుడు అడగకుండానే ఒక పని చేశాను. మా బడి వెనక గోడకు ఆనుకునే ఒక వేరుశెనగ చేను ఉంది. ఆ రైతు మా పదో తరగతి పాప ఒకరికి పెదనాన్న. ఆయన్ను అడిగి, పొద్దున్నే ముప్పై మంది పిల్లలతో చేన్లోకి దిగాను. టేపు, తాడు, నాలుగు మేకులు, వంటగదిలో అడిగి తెచ్చిన కాటా, అంతే మా సరంజామా. చేన్లో చిన్న ముక్క కోసి తూచి మొత్తం దిగుబడి అంచనా కట్టడానికి వ్యవసాయ శాఖ వాళ్లూ గణాంక శాఖ వాళ్లూ చేసే పంట కోత ప్రయోగాన్ని చిన్నపాటిగా మేమే చేసి చూద్దామని.

ఎక్కడ కోయాలి అనేది మొదటి ప్రశ్న. పిల్లలంతా ఒకే పక్కకు పరిగెత్తారు, చెట్లు గుబురుగా ఉన్న చోటికి. రైతు కూడా "బాగుండే తావులో చూసుకోండి నాయనా" అన్నాడు. చేను పరువు ఆయనది. నేను వద్దని, ఇద్దరు పిల్లలను జేబులోంచి పది రూపాయల నోట్లు తీయమన్నాను. ఒక నోటు నంబరులో చివరి రెండంకెలు పొడవుకు, రెండో నోటువి వెడల్పుకు. చేను నైరుతి మూల నుంచి అన్ని అడుగులు నడిచి, ఆగిన చోట మేకు కొట్టాలి. అసలు ప్రయోగంలోనూ నైరుతి మూల నుంచే మొదలుపెడతారు, కాకపోతే నోట్ల బదులు యాదృచ్ఛిక సంఖ్యల (ఎవరి ఇష్టంతోనూ ఎంచని అంకెల) పట్టిక చూస్తారు. నోట్లు మమ్మల్ని తీసుకుపోయి గట్టు పక్కన చవిటి ముక్కలో నిలబెట్టాయి. అక్కడ చెట్టుకూ చెట్టుకూ మధ్య మనిషి పడుకునేంత చోటుంది.

"ఇది వద్దు మేడమ్, ఈడ ఏమీ లేదు" అన్నారు పిల్లలు.

"లేదనేది కూడా లెక్కలోకి రావాల" అన్నాను.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆ పాప అడిగింది: "మరి మా చేనికి ఆఫీసర్లు వచ్చినప్పుడు కూడా ఇట్లే నంబరు తీసి నడుస్తారా మేడమ్? లేకుంటే బాగుండే తావు చూసుకుంటారా?"

ఇన్నేళ్ల సర్వీసులో సాంఖ్యక శాస్త్రం పాఠంలో నేను విన్న మొదటి అసలు ప్రశ్న అది. యాదృచ్ఛిక నమూనాకు నిర్వచనం నేను ఇంకా చెప్పనే లేదు, దాని అవసరం ఆ పిల్లకు తెలిసిపోయింది.

తర్వాత తాడు కట్టాం. వేరుశెనగకు ఐదు మీటర్ల చదరం. తాడు కిందికి వచ్చిన చెట్లు లోపలివా, బయటివా? పెద్ద గొడవ. సగం మంది "లోపలే" అన్నారు. పీకేవాడి చెయ్యి ఎప్పుడూ లోపలికే లాగుతుంది కదా. 25 చదరపు మీటర్ల లెక్కను హెక్టారుకు తేవాలంటే 400తో హెచ్చించాలి. తాడు మీది నాలుగు చెట్లను లోపల కలుపుకుని కాటాలో వంద గ్రాములు పెంచితే, హెక్టారుకు 40 కిలోలు లేనిపోనివి పుట్టుకొస్తాయి. అదే మీటరు చదరమైతే? 10,000తో హెచ్చించాలి, వంద గ్రాముల తప్పు వెయ్యి కిలోలవుతుంది. చదరం ఎంత చిన్నదైతే అంచు వాటా అంత ఎక్కువ. ఇది పిల్లలు తాడు పట్టుకుని తెలుసుకున్నారు. 1937లో బెంగాల్లో జనపనార సర్వేలు మొదలుపెట్టిన సాంఖ్యక శాస్త్రవేత్త ప్రశాంత చంద్ర మహలనోబిస్ చిన్న చదరాల వైపు మొగ్గితే, చిన్న చదరాలు దిగుబడిని పెంచి చూపిస్తాయని ఇంకో సాంఖ్యక శాస్త్రవేత్త పి.వి. సుఖాత్మే 1940లలో వాదించి నిలబడ్డారు. ఈ దేశపు సాంఖ్యక శాస్త్రంలో పేరుమోసిన తగాదాల్లో ఒకటి అది. మా పిల్లలకు ఆ పేర్లు తెలియవు, తగాదా మాత్రం వాళ్లదే అయింది.

బడికి తిరిగొచ్చాక ఒక్కో చెట్టుకు కాయలు లెక్కపెట్టారు. లొట్టలు కలపాలా వద్దా అని మళ్లీ పేచీ. ఆవరణలో ముగ్గుపిండితో గీతలు గీసి, ఐదుకు లోపు కాయలున్న చెట్లు ఒక గడిలో, పది లోపువి ఇంకో గడిలో, అట్లా నేల మీదే సోపాన చిత్రం (హిస్టోగ్రాం) పేర్చాం. చిన్న గడుల దగ్గర కుప్ప, కుడివైపు పోనుపోను పలచన, చివర్న విరగకాసిన చెట్టు ఒక్కటే. ఆ ఒక్క చెట్టు సగటును తనవైపు ఎట్లా లాగుతుందో, దాన్ని తీసేస్తే ఎంత దిగుతుందో, మధ్యగతం మాత్రం ఎందుకు కదలదో అరగంటలో చూశారు. సగటు లెక్క కట్టిన తర్వాత వెనక బెంచీ పిల్లవాడు ఒకడు కుప్పలన్నీ వెతికి వచ్చి, "సగటు ఎంతో సరిగ్గా అన్ని కాయలుండే చెట్టు ఒక్కటి కూడా లేదు మేడమ్" అన్నాడు. దీన్ని బోర్డు మీద చెప్పాలని పదేళ్లుగా తంటాలు పడుతున్నాను నేను.

వారం తర్వాత నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది. బడి వేళల్లో విద్యార్థులను ఆవరణ దాటించినందుకు. జవాబు రాసిచ్చాను, అది అక్కడితో ముగిసింది. ఆ ఆరు అంగల దూరానికి వచ్చిన నోటీసును దాచుకున్నాను. నా ఐదు దరఖాస్తులకు బదులుగా నాకు అందిన ఒకే ఒక్క కాగితం అది.

ఇక ఇది ఒక టీచరు ముచ్చట కాదని, ఊళ్లో మామూలు మనుషుల బతుకుకు సంబంధించిన సంగతని ఎందుకంటున్నానో చెబుతాను.

1. పంటల బీమా. మా జిల్లాలో ప్రతి ఇంటా వినబడే మాట. బీమాలో రెండు దారులున్నాయి, వాతావరణాన్ని బట్టి ఇచ్చేది, దిగుబడిని బట్టి ఇచ్చేది. ఏ పంట ఏ దారిలోకి వస్తుందో నోటిఫికేషన్ చెబుతుంది. దిగుబడి దారిలో ఊరే యూనిట్టయితే, ప్రధాన పంటకు ఊరికి కనీసం నాలుగు పంట కోత ప్రయోగాలు చేయాలి. ఆ నాలుగు ముక్కలు ఊరందరి తరఫునా మాట్లాడతాయి. అవి చెప్పిన దిగుబడిని హామీ దిగుబడితో పోలుస్తారు. ఫసల్ బీమా మార్గదర్శకాల ప్రకారం హామీ దిగుబడి అంటే గడిచిన ఏడేళ్లలో మెరుగైన ఐదేళ్ల సగటు తీసుకుని, అందులో 70 లేదా 80 లేదా 90 శాతం.

ఇప్పుడు ఒక లెక్క చూడండి. ఎకరాకు క్వింటాళ్లలో ఏడేళ్ల దిగుబడి 2, 6, 5, 1, 4, 7, 3 అనుకుందాం. ఇవి నేను బోర్డు మీద వేసుకున్న అంకెలు, ఏ ఊరివీ కావు. మెరుగైన ఐదేళ్ల సగటు 5. అందులో 80 శాతం 4. ఈ ఏడు దిగుబడి 3 వస్తే లోటు నాలుగింట ఒక వంతు, అంటే బీమా మొత్తంలో 25 శాతం పరిహారం. అదే ఏడేళ్లకూ కలిపి సగటు వేస్తే 4 వస్తుంది, అందులో 80 శాతం 3.2. లోటు 6 శాతం పైచిలుకు. చేను అదే, కరువు అదే, సగటు మారితే పరిహారం నాలుగో వంతుకు పడిపోతుంది. పదో తరగతి పాసైన ఏ పిల్లయినా ఈ లెక్క చేయగలదు. కాని ఇంట్లో నాన్న బీమా కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే, ఇది తను చదివిన పాఠమేనని ఆ పిల్లకు తట్టదు. బడిలో సగటు వేరు, బతుకులో సగటు వేరు అన్నట్టు పెంచుతున్నాం మేము.

2. వాన. మా జిల్లా సాలుసరి వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుందని చిన్నపిల్లలకూ తెలుసు. ఆ సగటు ఏ ఏడూ పడదనీ తెలుసు. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక అన్నారు పెద్దలు. కాని వాన వచ్చిన తర్వాత దాన్ని కొలవడం మన చేతిలో పనే కదా. రోజుకు 2.5 మిల్లీమీటర్లు, ఆపైన పడితేనే వాతావరణ శాఖ దాన్ని వాన రోజుగా లెక్కిస్తుంది. సాధారణం కంటే 20 నుంచి 59 శాతం దాకా తగ్గితే లోటు అంటుంది. మా రైతు కొలత వేరు, ఆయనకు వాన అంటే పదును. పార పట్టుకుని తవ్వి ఎన్ని వేళ్ల లోతు తడిసిందో చూస్తాడు. ఈ రెండు కొలతలకూ పొంతన ఏమిటి? ప్రతి వానకూ సీసాలో మిల్లీమీటర్లు ఒక పక్క, నేల తడిసిన లోతు ఇంకో పక్క రాసుకుంటూ పోతే, ఎర్రనేలకు ఒక గీత, నల్లరేగడికి ఒక గీత పిల్లలే గీస్తారు. ఇళ్ల మిద్దెల మీద సీసాలు పెట్టుకున్న మా పిల్లలు ఒకే రాత్రి ఒకే మండలంలో ఒకరి సీసా నిండితే ఇంకొకరిది అడుగు తడవకపోవడం చూశారు. మండలానికంతా ఒకటే అంకె వేస్తే ఎవరి వాన ఎవరి ఖాతాలో పడుతుందో వాళ్లకు ఇప్పుడు అర్థమైంది. కరువు మండలాల జాబితా వచ్చినప్పుడు ఊరు అడగాల్సిన ప్రశ్న అదే.

3. మండీ. కక్కలపల్లి మార్కెట్‌కు టమాటా తోలే ఇళ్ల పిల్లలు నా తరగతిలో ఉన్నారు. పొద్దున ఫోన్లో ధర వస్తుంది: గరిష్ఠం ఇంత, కనిష్ఠం ఇంత. రైతు గరిష్ఠం చూసి బండి ఎక్కిస్తాడు. కేంద్ర ప్రభుత్వ మార్కెట్ ధరల వెబ్‌సైటు అగ్‌మార్క్‌నెట్‌లో మూడో అంకె ఒకటి ఉంటుంది, మోడల్ ధర. అంటే ఎక్కువ సరుకు ఏ ధరకు పోయిందో అది. మన పాఠంలో బాహుళకం. "బాహుళకం ఎందుకు మేడమ్, ఎక్కడ వాడతారు?" అని అడిగే పిల్లవాణ్ణి ఒక్క పొద్దు వేలం దగ్గర నిలబెట్టి, ప్రతి లాటుకూ ధర, బాక్సులు రాసుకోమంటే చాలు. గరిష్ఠం ధర ఎన్ని బాక్సులకు పడిందో చూసి వాడే వాళ్ల నాన్నకు చెబుతాడు.

4. బోర్లు. దీని గురించి ఎక్కువ రాస్తే కొందరికి కోపం వస్తుంది, కాని రాయక తప్పదు. మా ఊళ్లలో నీళ్లు చూసేవాళ్లు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేన్లో తిరుగుతారు. కాయ నిలబడిన చోట బోరు వేస్తారు. నీళ్లు పడిన బోరును ఊరంతా చెప్పుకుంటుంది, పడని బోర్ల కథ అప్పిచ్చినవాడి పుస్తకంలో మాత్రమే ఉంటుంది. ఒక వీధిలో ఇంటింటికీ పోయి, చూపించి వేసినవి ఎన్ని, చూపించకుండా వేసినవి ఎన్ని, రెండిట్లో ఎన్నెన్ని పడ్డాయి అని నాలుగు గడుల పట్టిక నింపితే చాలు. ఏది నమ్మాలో నేను చెప్పను. పట్టిక చెబుతుంది. ఆ నాలుగో గడిని, అంటే చూపించకుండా వేసీ నీళ్లు పడినవాటిని, ఎవరూ ఎప్పుడూ లెక్కపెట్టరు. మా పిల్లలు లెక్కపెడతారు, పంపించండి.

5. జనగణన. 2021లో జరగాల్సింది 2027కు వచ్చింది. ఇంటికొచ్చి అడిగినవాళ్లకు నోటికొచ్చింది చెప్పకూడదని ఇంట్లో పెద్దలకు చెప్పగలిగేది, తాను ఒకసారి ఇంటింటికీ తిరిగి తప్పుడు జవాబులు రాసుకుని విసిగిపోయిన పిల్లే.

జనగణన అంటే గుర్తొచ్చింది. విద్యాహక్కు చట్టం 27వ సెక్షను ప్రకారం టీచర్లను బోధనేతర పనులకు పంపకూడదు, జనగణనకూ విపత్తు పనులకూ ఎన్నికలకూ తప్ప. అంటే దత్తాంశ సేకరణకు నన్ను వీధుల వెంబడి పంపడానికి చట్టం ఒప్పుకుంటుంది. అదే పనిని నా పిల్లలకు నేర్పడానికి వీధిలోకి పోతే నోటీసు వస్తుంది. అదే చట్టంలో 29వ సెక్షను, పిల్లలు కృత్యాల ద్వారా, అన్వేషణ ద్వారా నేర్చుకోవాలని చెబుతుంది. దానికి నేను కొత్తగా కలిపిందేమీ లేదు.

మీ అభ్యంతరాలు నాకు తెలుసు. ఎండ, పాము, రోడ్డు, ఆడపిల్లల భద్రత. ఇవి తీసిపారేసే మాటలు కావు, నేనూ ఒక తల్లినే. అందుకే దరఖాస్తులో రాశాను: పది గంటలలోపు తిరిగి రావడం, నడిచి పోగలిగిన దూరం, ఇద్దరు టీచర్లు, తల్లిదండ్రుల సంతకం, ప్రథమ చికిత్స పెట్టె. మా పిల్లల్లో చాలామంది సెలవు రోజుల్లో అదే చేన్లో కలుపు తీస్తారు. పనికి పోతే ఎవరూ అడగరు, పాఠానికి పోతే అడుగుతారు. సిలబస్ అయిపోదన్న మాటకు నా జవాబు చిన్నది: ఏడాదికి నాలుగు పూటలు.

పిల్లలు పుస్తకాల సంచి లేకుండా బడికొచ్చే రోజులున్నాయి కదా, అప్పుడు చేసుకోండి అని ఒకరన్నారు. ఉన్నాయి, సంతోషం. జాతీయ విద్యా విధానం 2020 చెప్పిన ఆ పది రోజులు 6 నుంచి 8 తరగతుల వాళ్లకు. సాంఖ్యక శాస్త్రం గట్టిగా మొదలయ్యేది 9, 10 తరగతుల్లో. నోరున్నవాడికి ముద్ద లేదు, ముద్ద ఉన్నచోట ఈ పాఠం లేదు.

ఇంకో మాట. సాంఖ్యక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు 1920లో హూవిన హడగలిలో పుట్టారు. అది అప్పటి బళ్లారి జిల్లా, మన దత్తమండలాల్లోది. తెలుగింటి బిడ్డ, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివారు. 1945లో రాసిన ఒక్క వ్యాసంతో ప్రపంచం పుస్తకాల్లోకి ఎక్కారు, 102 ఏళ్లు బతికి 2023లో కన్నుమూశారు. ఆయన పటాన్ని మేము గోడకు పెట్టుకున్నాం. కాని యువకుడిగా కేంబ్రిడ్జి మ్యూజియంలో ఆయన చేసిన పని ఏమిటో పిల్లలకు చెప్పం: సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన అస్థిపంజరాల కొలతల మీద పని చేశారు. అంతటి సిద్ధాంతకారుడూ ఎముకల కొలతలతో కుస్తీ పట్టాడు. మహలనోబిస్ పుట్టినరోజు జూన్ 29ని 2007 నుంచి జాతీయ గణాంక దినంగా జరుపుతున్నారు. మా దగ్గర ఆ రోజు వ్యాసరచన పోటీ పెడతారు. వ్యాసరచన!

నేను అడిగేవి ఇవి.

1. తొమ్మిది, పది తరగతుల పిల్లలను బడి నుంచి నడిచి పోగలిగిన దూరంలో, ఒక పూట మించకుండా, పాఠం కోసం తీసుకుపోవడానికి ప్రధానోపాధ్యాయుల అనుమతి చాలునని రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. ఇదే అసలు కోరిక. ఫైలు కదిలేదాకా కాయ నేలలో ఆగదు, ఆగితే మొలకెత్తుతుంది. ఎన్ని జాగ్రత్తలు పెట్టినా సరే, వాటిని ఉత్తర్వులోనే రాయండి, పాటిస్తాం. జాగ్రత్తలన్నీ పాటించాక కూడా ఏదైనా జరిగితే, అనుమతితో పోయిన టీచరును ఒంటరిగా వదిలిపెట్టబోమని కూడా అందులో రాయాలి. ఆ ఒక్క వాక్యం లేకనే చాలామంది మంచి టీచర్లు గేటు దాటడం లేదు.

2. నిర్మాణాత్మక మూల్యాంకనంలో ప్రాజెక్టు పనులకు మార్కులున్నాయి. ఇప్పుడు ఆ ప్రాజెక్టులు ఎక్కడ తయారవుతాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు, జిరాక్సు షాపు అతనికి ఇంకా బాగా తెలుసు. గణితంలో ఏడాదికి కనీసం ఒక ప్రాజెక్టుకు పిల్లలు స్వయంగా సేకరించిన దత్తాంశం ఉండాలని, కొట్టివేతలతో సహా మొదటి చిత్తుప్రతి కూడా జతచేయాలని నియమం పెట్టండి. చిత్తుప్రతి లేని చక్కటి చార్టుకు మార్కులు వేయవద్దు.

3. ప్రశ్నపత్రం తయారుచేసే పెద్దలకు: సగటు కనుగొనుము అని అడుగుతూనే ఉండండి, వద్దనను. దాంతోపాటు ఒక్క ప్రశ్న, నాలుగు మార్కులకే, "ఈ దత్తాంశాన్ని ఇట్లా సేకరించారు. ఇందులో ఎవరు తప్పిపోయారు? ఏ కొలత వాడతావు? ఎందుకు?" అని అడగండి. పరీక్షలో లేనిది మా దగ్గర పాఠంలో ఉండదు. మీరు అడిగిన మరుసటి ఏడాది జిల్లా అంతా చేలకు పోతుంది, నేను లేఖలు రాయాల్సిన పని కూడా ఉండదు.

4. మండలంలో పంట కోత ప్రయోగం జరిగే రోజు, చోటు దగ్గర్లోని ఉన్నత పాఠశాలకు ముందుగా తెలిసే ఏర్పాటు చేయండి. పిల్లలు ముట్టుకోరు, దూరంగా నిలబడి చూస్తారు. రైతు సేవా కేంద్రం సిబ్బంది, మండల గణాంక సిబ్బంది ఒక్క గంట మాట్లాడితే మాకు చాలు. పొద్దున ఎనిమిదిన్నరకు వానమాపకం చదివేటప్పుడు రోజుకో ఇద్దరు పిల్లలు పక్కన ఉంటే నష్టమేముంది?

5. ప్రతి ఉన్నత పాఠశాలకూ ఒక పొడవాటి టేపు, తాడు, స్ప్రింగు కాటా, వానమాపకం ఇవ్వండి. కంప్యూటర్ గది అడగడం లేదు.

6. టీచర్లకు శిక్షణ ఇవ్వాలి. ఏసీ హాల్లో తెర మీద కాదు. అనంతపురం దగ్గర రేకులకుంటలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. ప్రయోగ మడులను యాదృచ్ఛికంగా ఎందుకు పేరుస్తారో అక్కడి గట్ల మీద నడిస్తే మాకే ముందు అర్థమవుతుంది. గణితం టీచర్లలో చాలామందికి, నాతో సహా, యాదృచ్ఛికం అనేది మొన్నమొన్నటి దాకా స్పెల్లింగు కష్టమైన పదం మాత్రమే.

ఒప్పుకోవడం కుదరకపోతే ఎందుకు కుదరదో రాసి పంపండి. అది కూడా నాకు పనికొస్తుంది.

తోటి గణితం టీచర్లకు ఒక చిన్న మాట. ఉత్తర్వు వచ్చేలోగా ప్రహరీ లోపల చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. బడి ముందుకు మేత కోసం వచ్చిన పొట్టేలును కాపరిని అడిగి ఒక పావుగంట ఆపుకోండి. బరువు ఎంతో ప్రతి పిల్లనూ చీటీ మీద రాయమనండి, ఒకరిది ఒకరు చూడకుండా. 1906లో ఇంగ్లండులోని ప్లిమత్‌లో ఒక ఎద్దును కోసి శుభ్రం చేస్తే ఎంత మాంసం తూగుతుందో జనం రాసిన చీటీలు 787ను ఫ్రాన్సిస్ గాల్టన్ అనే శాస్త్రవేత్త పోగేశాడు. వాటి మధ్యగతం 1,207 పౌండ్లు, కాటాలో తేలింది 1,198 పౌండ్లు. మా పిల్లల మధ్యగతం కాటాకు అంత దగ్గరగా రాలేదు. కాపరి మాత్రం నడుం మీద చెయ్యేసి చెప్పిన బరువు కాటాతో సరిపోయింది. గుంపు తెలివి గొప్పదా, అనుభవమున్న ఒక్క చెయ్యి గొప్పదా అని ఆ రోజు భోజనం గంట దాకా వాదించుకున్నారు. నేను తేల్చలేదు.

అధికారులకు మళ్లీ: వచ్చే జూన్ 29న మా బడిలో వ్యాసరచన ఉండదు. ఆవరణలో, పిల్లల మిద్దెల మీద వాన సీసాలు పెడతాం. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని విచారించుకున్నాను. చేనికి మాత్రం మీ మాట కావాలి. ఖరీఫ్ కాయ అక్టోబరులో పీకుతారు, గోడ వెనక రైతు ఈసారి కూడా ఒప్పుకున్నాడు, ఆ చవిటి ముక్కను దున్నకుండా వదిలి పెట్టాడట "మీ పిల్లోళ్లకు మళ్లీ అదే నంబరు వస్తే" అని. మళ్లీ అదే నంబరు రాదని ఆయనకు చెప్పాను, నమ్మలేదు. ఆరో దరఖాస్తు ఈ లేఖతో పాటు పంపుతున్నాను. సెప్టెంబరు ఆఖరులోగా జవాబు ఇప్పించ ప్రార్థన.

ఇట్లు,
ఒక గణిత ఉపాధ్యాయిని,
అనంతపురం జిల్లా.